పసిఫిక్‌ను దిక్సూచి లేకుండా దాటినవాళ్ళు: కెరటాలకు కొట్టుకుపోయారా, లెక్కవేసుకుని వెళ్ళారా?

శ్రీకర్_విశాఖ · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా నన్ను వదలని ప్రశ్న ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

పసిఫిక్ మహాసముద్రం మ్యాప్ తెరవండి. ఉత్తరాన హవాయి, నైరుతిన న్యూజిలాండ్, తూర్పున రాపా నుయి, అంటే ఈస్టర్ దీవి. ఈ మూడు కొనల మధ్య ఉన్న త్రికోణాన్ని పాలినేషియా అంటారు, అందులో దాదాపు అంతా నీళ్ళే. అయినా యూరప్ ఓడలు అక్కడికి చేరేసరికి, మనిషి బతకగలిగిన ప్రతి పెద్ద దీవిలోనూ మనుషులున్నారు. వేల కిలోమీటర్ల ఎడంలో ఉన్నా దగ్గర చుట్టరికం ఉన్న భాషలే మాట్లాడుతున్నారు. వాళ్ళ దగ్గర ఇనుప మేకు లేదు, దిక్సూచి లేదు, కాగితం మీద గీసిన పటం లేదు.

మా ఆఫీసులో ఒక పెద్దాయన "అదంతా తుఫానుకి కొట్టుకుపోయినవాళ్ళ కథే" అని ఒక్క మాటలో తేల్చేశారు. 1956లో ఆండ్రూ షార్ప్ అనే న్యూజిలాండ్ చరిత్రకారుడి వాదన కూడా ఇంచుమించు ఇదే. కొన్ని వందల కిలోమీటర్లు దాటాక లెక్కవేసుకుని వెళ్ళి తిరిగి రావడం అసాధ్యమని ఆయన అన్నాడు. అంతకుముందు 1947లో థార్ హెయర్‌డాల్ అనే నార్వే పరిశోధకుడు పెరూ నుంచి కాన్-టికి అనే బాల్సా తెప్ప మీద బయలుదేరి, 101 రోజులకి టువామోటు దీవుల్లోని రరోయియా దగ్గర ఒడ్డున పడ్డాడు. అమెరికా ఖండం వైపు నుంచే జనం వచ్చారన్నది ఆయన పట్టు.

నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఎదర ఏముందో తెలియని నీళ్ళలోకి పిల్లల్ని, పందుల్ని, విత్తనపు దుంపల్ని ఎక్కించుకుని ఎవరైనా ఊరికే వెళ్తారా? తెలిసినవాళ్ళు వివరంగా రాయగలరు.

మాధవి_ఆక్లాండ్ · శనివారం రాత్రి 10:25

శ్రీకర్ గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. ముందు కాలక్రమం సరిచూసుకుందాం, లేకపోతే అన్నీ కలగాపులగం అయిపోతాయి.

ఇది ఒక్క విడతలో జరిగిన వలస కాదు. ఆస్ట్రనేషియన్ భాషలు మాట్లాడేవాళ్ళు తైవాన్ నుంచి ఫిలిప్పీన్స్‌కి, అక్కడి నుంచి ఇండోనేషియా దీవులకి దిగివచ్చారు. ఆ భాషా కుటుంబంలోని ప్రధాన శాఖల్లో ఒక్కటి తప్ప మిగతావన్నీ ఇప్పటికీ తైవాన్‌లోనే ఉన్నాయి. పుట్టిల్లు అక్కడే అనడానికి భాషావేత్తలు చూపే పెద్ద ఆధారం ఇదే.

ఇప్పటికి దాదాపు 3,300 ఏళ్ళ కిందట, న్యూగినీకి ఈశాన్యాన బిస్మార్క్ దీవుల్లో ఒక కొత్త రకం కుండలు కనిపిస్తాయి. పళ్ళున్న అచ్చుతో మట్టి మీద చుక్కలు చుక్కలుగా నొక్కి, మనిషి ముఖాల్లాంటి బొమ్మలు దిద్దిన కుండలు. 1952లో న్యూ కాలెడోనియాలోని లపిటా అనే చోట తవ్వకాలు జరిగాయి కాబట్టి ఆ సంస్కృతికి ఆ పేరే స్థిరపడింది. ఈ లపిటా జనం నాలుగైదు వందల ఏళ్ళలోనే వనువాటు, ఫిజీ, టోంగా, సమోవా చేరిపోయారు. వనువాటు నుంచి ఫిజీకి మధ్యలో 800 కిలోమీటర్ల పైచిలుకు ఖాళీ సముద్రం ఉంది. నేల కనిపించకుండా రోజుల తరబడి వెళ్ళాలి.

ఆ తరువాత ఆగిపోయారు. వెయ్యేళ్ళకు పైగా సమోవా, టోంగా దాటి తూర్పుకి పెద్దగా కదల్లేదు. మళ్ళీ కదిలినప్పుడు మాత్రం ఆపడం ఎవరివల్లా కాలేదు. 2011లో వచ్చిన కార్బన్ తేదీల పరిశీలన ప్రకారం క్రీ.శ. 1025-1120 మధ్య తాహితి ఉన్న సొసైటీ దీవులకి చేరారు. ఆపైన 1190-1290 మధ్య, అంటే దాదాపు ఒక్క శతాబ్దంలో, హవాయి, రాపా నుయి, న్యూజిలాండ్ మూడింటికీ చేరిపోయారు. ఇక్కడ న్యూజిలాండ్‌లో ఎలుకలు కొరికిన పాత గింజలకి తేదీలు కడితే 1280 దగ్గర నుంచే మొదలవుతాయి. ఆ ఎలుక మనుషుల పడవల్లో తప్ప వేరే దారిలో రాలేదు.

నా మటుకు నాకు ఈ ఒక్క శతాబ్దమే పెద్ద ఆధారం. కొట్టుకుపోయేవాళ్ళు మూడు దిక్కులకీ ఒకే కాలంలో ఇంత గురిగా కొట్టుకుపోరు.

సుధీర్_కె · శనివారం రాత్రి 11:10

మాధవి గారి కాలక్రమంతో నాకు పేచీ లేదు. కానీ ఒక్క విషయం ఆలోచించండి. చేరినవాళ్ళే మనకి కనిపిస్తారు. బయలుదేరి సముద్రంలో కలిసిపోయినవాళ్ళ కుండపెంకులు ఏ తవ్వకంలోనూ దొరకవు. వెయ్యి పడవలు దారి తప్పి, అందులో పది ఎక్కడో ఒడ్డుకి తగిలినా మనకి మిగిలేవి ఆ పది ఆనవాళ్ళే. వాటిని చూసి "ఎంత నైపుణ్యం" అనుకోవడం తేలిక. యాదృచ్ఛికం కాదని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఆధారం కావాలి.

రామకృష్ణ_మాస్టారు · ఆదివారం ఉదయం 6:05

సుధీర్ అడిగినది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కూడా ఉంది.

1973లో లెవిసన్, వార్డ్, వెబ్ అనే ముగ్గురు పరిశోధకులు సరిగ్గా మీ అనుమానాన్నే కంప్యూటర్‌కి అప్పజెప్పారు. పసిఫిక్‌లో నెలనెలా వీచే గాలులు, పారే ప్రవాహాలు నమోదు చేసి, చుక్కాని పట్టేవాడు లేని పడవల్ని లక్షకు పైగా వదిలి చూశారు. చిన్న చిన్న దూరాలు కొన్ని కుదిరాయి. కానీ పాలినేషియా లోపలి దీవుల నుంచి ఊరికే కొట్టుకుపోయి హవాయి, రాపా నుయి, న్యూజిలాండ్ చేరే అవకాశం దాదాపు సున్నా అని తేలింది. వెయ్యికి పది కాదు, లక్షకి కూడా రాలేదు.

కారణం గాలే. బడిలో వ్యాపార పవనాల పాఠం చెప్పేటప్పుడు నేను బోర్డు మీద బాణాలు గీసేవాణ్ణి. ఆ అక్షాంశాల్లో ఏడాదిలో ఎక్కువ భాగం గాలి తూర్పు నుంచి పడమరకి వీస్తుంది. ఈ జనం వెళ్ళింది పడమర నుంచి తూర్పుకి, అంటే గాలికి ఎదురు. కొట్టుకుపోయేవాడు గాలికి ఎదురు వెళ్ళలేడు కదా!

ఇక్కడే జెఫ్రీ ఇర్విన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు చెప్పిన మాట నాకు చాలా నచ్చుతుంది. గాలికి ఎదురు దిక్కునే వెతకడం పిచ్చిపని అనుకుంటాం. నిజానికి ప్రాణానికి భద్రమైన పద్ధతి అదే. ఏడాదిలో కొన్ని వారాలు తూర్పు గాలి సన్నగిల్లి పడమటి గాలి తిరుగుతుంది. ఎల్ నినో ఏళ్ళలో ఇంకా బలంగా, ఇంకా ఎక్కువ కాలం వీస్తుంది. ఆ గాలి పట్టుకుని తూర్పుకి సాగుతారు. తిండీ నీళ్ళూ సగానికి వచ్చేసరికి దీవి కనబడలేదా, ఆగుతారు. ఎలాగూ తూర్పు గాలి మళ్ళీ మొదలవుతుంది, వెనక నుంచి నెట్టి ఇంటికి తెస్తుంది. అదే గాలివాటుకి వెళ్ళినవాడు దీవి దొరక్కపోతే తిరిగి రావడానికి నానా తంటాలు పడాలి.

కాబట్టి శ్రీకర్ అడిగిన "ఎదర ఏముందో తెలియకుండా ఎలా వెళ్ళారు" అన్నదానికి నా జవాబు ఇది: ఎదర ఏముందో వాళ్ళకి తెలియనక్కర్లేదు. తిరుగుదారి తెలిస్తే చాలు. పిల్లల్నీ పందుల్నీ ఎక్కించుకున్నది మొదటి పడవలో కాదు. ముందు వెతికేవాళ్ళు వెళ్ళి, చూసి, ఇంటికొచ్చి చెప్పారు. సంసారాలు ఆ తరువాత కదిలాయి. ఖాళీ చేతులతో ఒడ్డుకి కొట్టుకొచ్చినవాళ్ళ దగ్గర చేమ, పెండలం, అరటి, సీమపనస, కోడి, కుక్క, పంది ఇంత సరంజామా ఉండదు.

గంగరాజు_భీమిలి · ఆదివారం ఉదయం 8:30

మాస్టారూ, గాలి సంగతి మీరు బాగా చెప్పారు. మాది వేటకెళ్ళే కుటుంబం. మా నాన్న దుంగల తెప్ప మీద వెళ్ళేవాడు, మా తరానికి ఫైబర్ బోటు, ఇంజను వచ్చాయి. పసిఫిక్ నాకు తెలియదు గానీ సముద్రం మీద చూపు ఎలా ఉంటుందో కొంచెం తెలుసు.

మేం ఒడ్డు నుంచి వేట తావుకి వెళ్ళడానికి కొండని ఒకదాన్నీ, దాని ముందున్న చెట్టునో గుడినో ఒకదాన్నీ వరసలో పెట్టి చూసుకుంటాం. రెండు వైపులా రెండు వరసలు కలిసిన చోట వల వేస్తాం. అదంతా నేల కనబడినంత వరకే. నేల కనబడకపోతే మిగిలేవి కెరటం, చుక్క, పిట్ట.

కెరటం గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పైపైన గాలికి రేగే అల వేరు, ఎక్కడో చాలా దూరంలో తుఫానుకి పుట్టి రోజుల తరబడి నడిచొచ్చే పెద్ద పొడుగు కెరటం వేరు. పైన గాలి గంటకోసారి మారినా ఆ అడుగు కెరటం మారదు. ఒక్కోసారి రెండు దిక్కుల నుంచి రెండు కెరటాలు కలిసి వస్తాయి. అప్పుడు తెప్ప ముందుకీ వెనక్కీ ఊగుతూనే పక్కకి కూడా దొర్లుతుంది. చీకట్లో కళ్ళు మూసుకుని కూర్చున్నా, ఆ ఊపు మారిందంటే తెప్ప తిరిగిందని నడుముకే తెలుస్తుంది. మా నాన్న నిద్రలో నుంచి లేచి "పక్కకి పోతన్నాం" అనేవాడు.

పసిఫిక్ వాళ్ళకీ ఇలాంటి విద్య ఉండేదా?

మాధవి_ఆక్లాండ్ · ఆదివారం ఉదయం 9:15

గంగరాజు గారూ, ఉండేదా అని అడిగారు. ఇప్పటికీ ఉంది! మీ నాన్నగారి మాటే మైక్రోనేషియా, అంటే పశ్చిమ పసిఫిక్‌లోని చిన్న దీవుల నావికులూ చెబుతారు. వాళ్ళు పడవ అడుగున వెల్లకిలా పడుకుని, వీపుతో కెరటాల్ని గుర్తుపడతారు. మార్షల్ దీవుల్లో దీనికి ఏకంగా పుల్లల పటాలు ఉండేవి. కొబ్బరి ఈనెల్లాంటి సన్నటి పుల్లలు వంచి కట్టి, ముడుల దగ్గర గవ్వలు పెడతారు. గవ్వ దీవి, వంపు తిరిగిన పుల్ల ఆ దీవికి తగిలి మలుపు తిరిగే కెరటం. దీవి కనబడకముందే, దానికి తగిలి వెనక్కొచ్చే కెరటం పడవ కింద తెలిసిపోతుంది. ఆ పటాన్ని పడవలోకి తీసుకెళ్ళేవాళ్ళు కాదు. ఒడ్డున కూర్చుని నేర్చుకుని, బుర్రలో పెట్టుకుని వెళ్ళేవాళ్ళు.

మౌ పియాలుగ్ గురించి ఇక్కడ చెప్పకపోతే తప్పు. ఆయనది కరొలిన్ దీవుల్లోని సతవాల్, ఒకటిన్నర చదరపు కిలోమీటరు కూడా ఉండని చిన్న దీవి. పసివాడుగా ఉన్నప్పుడే తాత ఆయన్ని ఒడ్డున నీటి గుంటల్లో కూర్చోబెట్టేవాడట, ఆటుపోట్లు ఒంటికి పట్టాలని. చాప మీద పగడపు ముక్కలు గుండ్రంగా పేర్చి, ఏ చుక్క ఎక్కడ పొడుస్తుందో, ఎక్కడ కుంకుతుందో చెప్పించేవాళ్ళు. అలాంటివి 32 గుర్తులు. ఒక చుక్క బాగా పైకొచ్చేశాక దిక్కు చూపదు, అప్పుడు దాని వెనకే అదే చోట పొడిచే ఇంకో చుక్కని పట్టుకుంటారు. రాత్రంతా ఒక్కో దీవికి ఒక్కో చుక్కల వరస ఉంటుంది.

హవాయిలో అప్పటికి ఆ విద్య అంతరించింది. 1973లో అక్కడ పాలినేషియన్ వాయేజింగ్ సొసైటీ పెట్టి, 62 అడుగుల జంట పడవ హోకూలెఅ కట్టారు. కానీ నడిపేవాడు హవాయిలో దొరకలేదు. మౌ ఒప్పుకున్నారు. 1976 మే 1న మావి దీవి నుంచి బయలుదేరి, ఏ పరికరమూ లేకుండా, జూన్ 4న తాహితిలోని పపేఎతె చేర్చారు. 4,000 కిలోమీటర్ల పైమాటే. ఆయన అంతకుముందు ఎప్పుడూ ఆ దారిలో వెళ్ళలేదు. భూమధ్యరేఖ దాటాక చిన్నప్పటి నుంచీ నమ్ముకున్న ధ్రువ నక్షత్రం కూడా కనబడదు. ఒడ్డున 17,000 మంది ఎదురుచూస్తున్నారు.

పిట్టల సంగతి కూడా మీరు ఊహించినట్టే. తెల్లటి టెర్న్‌లు, నాడీలు (noddy) అనే సముద్రపు పిట్టలు పొద్దున వేటకి సముద్రం మీదకి వెళ్ళి, సాయంత్రం గూటికి దీవి మీదకి తిరిగొస్తాయి. సాయంత్రం అవి ఎగిరే దిక్కు నేల ఉన్న దిక్కు. కాబట్టి దీవిని సూటిగా గురి పెట్టనక్కర్లేదు. దాని చుట్టూ పిట్టలు తిరిగే వలయమే గురి. పక్కపక్కనే నాలుగైదు దీవులుంటే ఆ వలయాలు కలిసి పెద్ద తెరలా అడ్డుపడతాయి.

సుధీర్_కె · ఆదివారం ఉదయం 11:50

కంప్యూటర్ లెక్క బలమైనదే. ఇంకో అనుమానం. హోకూలెఅ కట్టింది ప్లైవుడ్‌తో, ఫైబర్‌గ్లాస్‌తో అని చదివాను. రాతి గొడ్డలితో చెక్కిన పడవ అంత దూరం తట్టుకుంటుందా? ఒక్క పాత పడవ అయినా దొరికిందా?

మాధవి_ఆక్లాండ్ · ఆదివారం మధ్యాహ్నం 2:20

దొరికింది. 2012లో ఇక్కడ దక్షిణ దీవి వాయవ్య తీరంలో, అనవేకా నది దగ్గర, తుఫాను తరువాత ఇసుకలో నుంచి ఒక పెద్ద పడవ చెక్క బయటపడింది. ఆరు మీటర్ల పొడవు, ఒకే మానులో తొలిచినది, లోపల పక్కటెముకల్లాగా గట్లు వదిలారు. అంచు వెంబడి తాళ్ళు దూర్చి ఇంకో పలకని కుట్టడానికి చిల్లులున్నాయి. ఒక కొసన సముద్రపు తాబేలు చెక్కి ఉంది. తాబేలు పాలినేషియా అంతటా కనిపించే బొమ్మే గానీ న్యూజిలాండ్ చెక్కడాల్లో అరుదు. సందుల్లో కూరిన నారకి కట్టిన తేదీ సుమారు క్రీ.శ. 1400.

అంటే మేకుల్లేని కుట్టు పడవ. కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవ కెరటం మీద కొంచెం వంగుతుంది, అందుకే పగలదు.

చెక్కతో కట్టిన పడవ మళ్ళీ నడిచిందా అంటే అదీ ఉంది. 1990ల్లో హవాయిలోనే హవాయిఇలోఅ అనే పడవ దుంగలతో కట్టారు. దానికి చాలినంత పెద్ద కోఆ (koa) జాతి చెట్ల మానులు హవాయి అడవుల్లో మిగల్లేదు. అలాస్కా ఆదివాసులు స్ప్రూస్ మానులు రెండు కానుకగా ఇచ్చారు. 1995లో అది పసిఫిక్‌లో దూరప్రయాణం చేసింది.

హరిత_బయోటెక్ · ఆదివారం సాయంత్రం 5:45

డీఎన్ఏ వైపు నుంచి నా వంతు. నేను ఈ రంగంలోనే చదువుతున్నాను కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తే ఏమీ అనుకోకండి.

వనువాటులోని టెఔమా అనే చోట లపిటా కాలపు శ్మశానం బయటపడింది. చాలా అస్థిపంజరాలకి తలలు లేవు, పాతిపెట్టాక కొన్నాళ్ళకి తవ్వి తీశారు. ఒక పుర్రె కుండలో భద్రం చేసి ఉంది. 2016లో అక్కడి ముగ్గురి డీఎన్ఏ, టోంగా నుంచి ఇంకొకరిది పరీక్షిస్తే, వాళ్ళకి దగ్గర బంధువులుగా తేలినవాళ్ళు తైవాన్, ఉత్తర ఫిలిప్పీన్స్ ఆదివాసులు. మధ్యలో న్యూగినీ పక్కనుంచే వచ్చినా అక్కడి మూలవాసులైన పాపువన్ల అంశ దాదాపు లేదు. పాపువన్ల రక్తం ఆ తరువాతి వలసల్లో కలిసింది. అంటే మొదటి జనం చాలా వేగంగా, మధ్యలో ఎక్కువగా కలవకుండా సాగిపోయారు.

మొక్కలు కూడా ఇదే దారి చూపిస్తాయి. బెరడు దంచి బట్ట చేసుకునే మల్బరీ జాతి చెట్టు ఒకటుంది. పసిఫిక్ దీవుల్లో దాన్ని విత్తనంతో కాదు, పిలకలతో పెంచుతారు. మనిషి తడి ఆరకుండా మోసుకెళ్తే తప్ప అది సముద్రం దాటదు. దాని డీఎన్ఏ తీగ పట్టుకుని 2015లో పరిశోధకులు వెనక్కి వెళ్తే దక్షిణ తైవాన్‌లో తేలారు.

ఇక చిలగడదుంప. పుట్టింది అమెరికా ఖండంలో. కుక్ దీవుల్లోని మంగాయాలో కాలిన చిలగడదుంప ముక్కలు దొరికాయి, కొలంబస్ పుట్టకముందువి. 2020లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం, క్రీ.శ. 1200 ప్రాంతంలో తూర్పు పాలినేషియన్ల రక్తంలో ఇప్పటి కొలంబియా వైపు ఆదివాసుల అంశ కలిసింది. 2024లో రాపా నుయి పూర్వీకులు 15 మంది జన్యువులు చదివితే, అందులోనూ పదో వంతు దాకా అమెరికా ఆదివాసుల అంశ ఉంది. హెయర్‌డాల్ అన్నట్టు జనమంతా అటు నుంచి రాలేదు, జన్యువుల్లో ప్రధాన భాగం పడమటిదే. నా ఉద్దేశంలో పాలినేషియన్లే అమెరికా ఒడ్డు దాకా వెళ్ళి తిరిగొచ్చారు. అంత దూరం వెళ్ళి, ఇంటికి తిరిగొచ్చే అలవాటు ఉన్నవాళ్ళు వాళ్ళే కాబట్టి. అదే 2024 పరిశోధన ఇంకో సంగతి కూడా తేల్చింది. రాపా నుయి జనం చెట్లన్నీ నరుక్కుని 1600ల్లో తమను తామే నాశనం చేసుకున్నారన్న కథకి జన్యువుల్లో సాక్ష్యం లేదు. వాళ్ళని దెబ్బతీసింది 1860ల్లో పెరూ బానిస వ్యాపారుల దాడులు, వాటి వెంట వచ్చిన మశూచి. ఆ జనం మీద వేసిన నింద అంత తేలిగ్గా ప్రచారమైపోయిందంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

విజయభాస్కర్_గుంటూరు · ఆదివారం రాత్రి 8:10

అందరూ మనవాళ్ళని మర్చిపోయారు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంది. మన తీరం నుంచి ఆగ్నేయాసియాకి ఓడలు వెళ్ళేవి. ఈ విద్య అక్కడికి మన దగ్గర నుంచే వెళ్ళి ఉండకూడదా?

రామకృష్ణ_మాస్టారు · ఆదివారం రాత్రి 9:00

భాస్కర్ గారూ, శాతవాహనుల ఓడ నాణేలు మనం గర్వపడవలసినవే. అయితే అవి క్రీ.శ. రెండో శతాబ్దానివి. లపిటా జనం టోంగా చేరి అప్పటికే దాదాపు వెయ్యేళ్ళు దాటింది. బాలి దీవిలో సెంబిరాన్ దగ్గర భారతదేశపు కుండపెంకులు దొరికిన మాట నిజం. కానీ సరుకు దొరికినంత మాత్రాన ఓడ కూడా మనదేనని కాదు. ఆగ్నేయాసియా నావికులు మన వైపు వచ్చి కొనుక్కెళ్ళి ఉండవచ్చు కూడా.

వాళ్ళు హిందూ మహాసముద్రం దాటడం ఊహ కాదు. మడగాస్కర్ చూడండి. ఆఫ్రికా పక్కనే ఉన్న దీవి, కానీ అక్కడి మలగాసీ భాషకి దగ్గర చుట్టం బోర్నియో దీవిలో, బరిటో నది ఒడ్డున మాట్లాడే మఆన్యాన్ భాష. ఆగ్నేయాసియా వరి, పెసలు మడగాస్కర్ పాత ఊళ్ళ తవ్వకాల్లో బయటపడ్డాయి. కొబ్బరి జన్యువులు 2011లో పరిశీలిస్తే, ప్రపంచంలోని కొబ్బరి రెండు పెద్ద వంశాలుగా విడిపోయింది. ఒకటి పసిఫిక్‌ది, రెండోది మన దక్షిణ భారతం వైపుది. ఆ రెండూ కలిసిన చెట్లు మడగాస్కర్ దారిలో కనిపిస్తాయి.

మన తెప్ప మన సముద్రానికి పుట్టిన పనిముట్టు. మన ఒడ్డున విరిగే కెరటానికి దాన్ని మించినది లేదు. దాని విలువ చెప్పడానికి పసిఫిక్‌ని మన ఖాతాలో వేసుకోనక్కర్లేదు.

ప్రకాష్_నాందీ · సోమవారం ఉదయం 7:20

ఫిజీ నుంచి నమస్కారం. మా ముత్తాత కూలీగా సంతకం పెట్టి మద్రాసులో ఓడెక్కి వచ్చినవాడు. మా ఇళ్ళలో తెలుగు ఇంకా కొంచెం మిగిలింది, రాతలో తప్పులుంటే మన్నించండి.

ఇక్కడ సిగటోకా దగ్గర ఇసుక దిబ్బలున్నాయి, ఫిజీ మొదటి జాతీయ ఉద్యానవనం అదే. గాలికి ఇసుక జరిగినప్పుడల్లా కింద నుంచి పాత కుండపెంకులు తేలతాయి, వాటిలో లపిటా పెంకులూ ఉన్నాయి. ముట్టుకోకూడదు, చూసి వదిలేయాలి. వంగి చూస్తే ఆ చుక్కలు నొక్కిన పళ్ళ వరస ఇంకా పదునుగా ఉంటుంది. వేళ్ళతో లెక్కపెట్టవచ్చు.

నేను చెప్పదలచుకున్నది వేరే. మా స్కూల్లో చరిత్ర పాఠం కెప్టెన్ కుక్‌తో మొదలయ్యేది. కుక్ ఓడ ఎండెవర్‌లో 1769లో తాహితి నుంచి ఎక్కిన తుపాయా పేరు నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. రయాటెయా దీవి పూజారి, నావికుడు ఆయన. తనకి తెలిసిన 74 దీవులతో పటం గీయించాడు. ఓడ ఎన్ని మలుపులు తిరిగినా, తాహితి ఏ దిక్కున ఉందో అడిగితే సరిగ్గా చూపించేవాడు. న్యూజిలాండ్‌లో దిగితే అక్కడి మూలవాసులైన మావోరీలకి ఆయన మాట అర్థమైంది. వందల ఏళ్ళుగా విడిపోయిన జనం, అయినా మాట కలిసింది. 1770 డిసెంబరులో బతావియాలో, అంటే నేటి జకార్తాలో, జబ్బుచేసి చనిపోయాడు. అలాంటి మనిషిని ఎదురుగా పెట్టుకుని, రెండు వందల ఏళ్ళ తరువాత కూడా కొట్టుకుపోయారనే అన్నారు!

శ్రీకర్_విశాఖ · సోమవారం రాత్రి 9:30

ఇంత వస్తుందని అనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. హోకూలెఅ అన్నది ఒక చుక్క పేరని, అది మన స్వాతి నక్షత్రమేనని తెలిసింది. హవాయి మీద అది సరిగ్గా నడినెత్తిన దాటుతుందట. మన ఒడ్డు నుంచి ఎలా కనిపిస్తుంది మాస్టారూ?

రామకృష్ణ_మాస్టారు · సోమవారం రాత్రి 10:15

సప్తర్షి మండలం తోక వంపుని అలాగే పొడిగిస్తూ వెళ్తే తగిలే నారింజ రంగు పెద్ద చుక్క స్వాతి. మే నెలాఖరులో రాత్రి పది గంటలకి నడిమింట ఉంటుంది. హవాయి పెద్ద దీవీ మన ఇచ్ఛాపురమూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి, 19 డిగ్రీల చిల్లర. కాబట్టి ఇచ్ఛాపురంలోనూ నడినెత్తినే దాటుతుంది. విశాఖలో ఒకటిన్నర డిగ్రీ ఉత్తరానికి వాలి ఉంటుంది. ఆ ఒకటిన్నర డిగ్రీ తేడాని పడవలో నిలబడి కంటితో పట్టుకోవడమే వాళ్ళ విద్య. ఒక డిగ్రీ అంటే 111 కిలోమీటర్లు. దక్షిణాన మృగవ్యాధుడు (సిరియస్) అనే చుక్క ఇలాగే తాహితి మీద నడినెత్తికి దగ్గరగా దాటుతుంది.

ఒక్క జాగ్రత్త. భూమి అక్షం మెల్లగా తిరుగుతుంది కాబట్టి వెయ్యేళ్ళ కిందట స్వాతి ఇప్పటికంటే అయిదు డిగ్రీలు ఉత్తరంగా ఉండేది. మొదటి వలసదారులకి హవాయి గుర్తు ఈ చుక్కే అని చెప్పలేం. నేటి నావికులకి మాత్రం చక్కగా పనికొస్తుంది. 1980లో నైనోవా థాంప్సన్ హోకూలెఅని తాహితికి తీసుకెళ్ళి, మళ్ళీ హవాయికి తెచ్చినప్పుడు పరికరాలు వాడలేదు. ఆయన చుక్కల్లో సగం హోనొలులు నక్షత్రశాలలో కూర్చుని నేర్చుకున్నారు, మిగతాది మౌ దగ్గర.

ఫణి_పోర్ట్‌బ్లెయిర్ · మంగళవారం ఉదయం 6:40

ఆలస్యంగా వచ్చాను. మా తాతలది శ్రీకాకుళం, మేం పుట్టింది ఇక్కడే. పసిఫిక్ దాకా వెళ్ళకుండా బంగాళాఖాతంలోనే చూడవలసినది ఉంది. నికోబారీల పడవ హోడి. మాను తొలిచి, ఒక పక్క నుంచి కర్రలు చాచి, వాటి కొసన తేలే దుంగ కడతారు. కెరటం మీద పడవ ఒరగకుండా ఆ దుంగ పట్టి ఉంచుతుంది. చౌరా దీవివాళ్ళు కుండలకి ప్రసిద్ధి. కానీ కుండమట్టి వాళ్ళ దీవిలో లేదు, సముద్రం దాటి తెరెస్సా నుంచి తెచ్చుకుంటారు. మట్టి తేవాలన్నా, కుండ అమ్మాలన్నా హోడి కావాలి. 2004 సునామీలో ఎన్నో హోడీలు, వాటిని చెక్కడం తెలిసిన పెద్దవాళ్ళు పోయారు.

నికోబారీలు మాట్లాడేది ఆస్ట్రనేషియన్ భాష కాదు, ఆస్ట్రోఏషియాటిక్ అనే వేరే కుటుంబానిది. పడవ మాత్రం ఆస్ట్రనేషియన్ల పడవకి తోబుట్టువు. ఇది ఎలా కలిసిందో మాట్లాడదామా?

గంగరాజు_భీమిలి · మంగళవారం ఉదయం 7:05

ఫణి అన్నా, ఆ పక్క దుంగ ఏ చెట్టుది? గాలి వైపు ఉంచుతారా, గాలి మళ్ళిన వైపా? తెరచాప ఎత్తినప్పుడు దాని మీద మనిషి కూర్చుంటాడా? ఫోటో ఉంటే పెట్టండి, మా వైపు పెద్దవాళ్ళకి చూపిస్తాను.

నిర్వాహకులు · మంగళవారం ఉదయం 9:00

నికోబార్ పడవల సంగతి ఒక్కటే పెద్ద విషయం కాబట్టి ఫణి, గంగరాజు గార్ల చివరి రెండు పోస్టులతో "బంగాళాఖాతం దీవుల పడవలు" అనే కొత్త చర్చ తెరిచాం. అండమాన్ ఆదివాసుల పడవల గురించి రాయదలచినవాళ్ళు కూడా అక్కడే రాయండి. పసిఫిక్ ప్రశ్నలకి ఈ చర్చ తెరిచే ఉంటుంది.